పెద్ద కోత

పొద్దున ఏడైనా నాగలక్ష్మమ్మ టీ ముట్టలేదంటే ఇంట్లో గొడవ ఉన్నట్టే. కోడలు శివలీల మాత్రం తొణకకుండా చీర కుచ్చిళ్లు సర్దుకుంటోంది. ఆ రోజు కర్నూలులో లాయర్ సుప్రజ దగ్గర తనతో కలిపి తొమ్మిది మంది ఆడవాళ్లు వినియోగదారుల కమిషన్‌కు ఒకే ఫిర్యాదు మీద సంతకాలు పెట్టాలి. అందరూ ఉల్లిగడ్డల మార్కెట్ యార్డులో మూటలు మోసే నాగలక్ష్మమ్మ గుంపువాళ్లే. పిత్తాశయంలో రాళ్లని ఒకే నర్సింగ్ హోమ్‌లో అందరికీ జానెడు పొడుగున పొట్ట కోశారు. ఇప్పుడు కుట్ల దగ్గర పేగు ఉబ్బి, ఒక్కరూ మూట ఎత్తలేకపోతున్నారు.

వాళ్లను అక్కడికి తీసుకెళ్లింది నాగలక్ష్మమ్మే. చిన్న రంధ్రాలతో చేసే ఆపరేషన్ వచ్చి ఏళ్లయినా, "బొక్కలోంచి ఏం కనపడతాది? బాగా కోస్తేనే రోగం మొదలంటా పోతాది" అని అందరికీ నచ్చజెప్పింది కూడా ఆవిడే.

"నువ్వూ రా అత్తా. సాక్ష్యం చెప్పాల" అంది శివలీల.

"నేను రాను. వాళ్లు నా మొగాన ఉమ్ముతారు."

"అమ్మను వదిలెయ్" అన్నాడు భర్త చిన్న ఈరన్న. "ఊరు నవ్వుతాది."

"నవ్వనీ. బిడ్డను ఎత్తుకోక ఏడాదాయె నేను. అది నీకు నవ్వులాటగా ఉండాదా?"

శివలీల అత్త పక్కన కూర్చుంది.

"ఆ పెద్ద కోత మాట నీకెవరు చెప్పినారు?"

"డాక్టరే. చిన్న బొక్కలది మాకు చెయ్యరాదా సారూ అని అడిగినా. అది కుర్చీల్లో కూర్చునేవాళ్లకమ్మా, మూటలెత్తే మీకు పెద్ద కోతే గట్టిది అన్నాడు. నేను నమ్మినా." ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

"అంటే ఇంకో దారి ఉండాదని ఆయనకు తెలుసు. తెలిసీ తప్పు చెప్పినాడు. లాయరమ్మకు కావాల్సింది ఈ మాటే. అది విన్నది నువ్వొక్కదానివే అత్తా."

పదకొండింటికి లాయర్ ఆఫీసులో నాగలక్ష్మమ్మ గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

"మిమ్మల్ని పిల్చుకపోయింది నేను. నా తప్పు కూడా రాసుకోండి."

గుంపులో అందరికన్నా గట్టిగా మాట్లాడే పెద్దక్క లేచి తన కుర్చీ ఆవిడ ముందుకు జరిపింది.

"కూచో నాగలచ్చుమక్కా. నిన్నూ మోసం చేసినాడు, మమ్మల్నీ చేసినాడు. మేం కేసేసేది ఆయన మీద, నీ మీద కాదు."

నాగలక్ష్మమ్మ కూర్చుని, డాక్టరు అన్నది అన్నట్టు చెప్పింది. సుప్రజ రాసుకుని తలెత్తింది.

"ఇదే మాట ఆయన ఎదురుగా చెప్పగలరా అమ్మా?"

ఏడాదిగా అత్త మీద దాచుకున్న కోపం ఏమైందో, శివలీల ఆవిడ చెయ్యి పట్టుకుంది. నాగలక్ష్మమ్మ కళ్లు తుడుచుకుంది.

"తొమ్మిది మందికి చెప్పిన నోరే కదమ్మా ఇది. ఆయన ముందర చెప్పలేనా?"