కిటికీ వెలుగులో రెండు పళ్ళు

పళ్ళు రెండోసారి తిరిగివచ్చాయి.

అగ్గిపెట్టెంత డబ్బాలో, దూది మీద, పక్కపక్కనే పడుకుని ఉన్నాయి రెండూ. రిసెప్షన్ అక్క ఆ డబ్బా తెచ్చి అతని బల్ల మీద పెట్టి, పళ్ళు పెట్టించుకునే అమ్మాయి ఈసారి మరీ తెల్లగా ఉన్నాయంటోందని చెప్పి మెట్లు దిగిపోయింది.

అతనికి ఏమీ అర్థం కాలేదు. పోయినవారం చేసినవి పచ్చగా ఉన్నాయంది ఈ అమ్మాయే. సరేనని పిసరంత రంగు తగ్గించి కొత్తవి చేశాడు. ఆ రెంటికీ మధ్య ఇంకేం చోటుందని?

అతన్ని ఆ క్లినిక్‌లో అందరూ మేస్త్రీ అంటారు. కింద గదిలో డాక్టరమ్మ పేషెంటు దవడ ఎముకలో చిన్న స్క్రూ బిగిస్తుంది. నాలుగు నెలలకు ఎముక ఆ స్క్రూను గట్టిగా పట్టుకుంటుంది. అప్పుడు దాని మీద కూర్చోవలసిన పింగాణీ పన్నును ఇతను పై గదిలో చేస్తాడు. పొడి కలిపి, సన్నటి కుంచెతో పొర మీద పొర దిద్ది, కొలిమిలో కాలుస్తాడు. ఏడేళ్ళలో ఒక్క పన్ను తిరిగి రాలేదు. ఇప్పుడు రావడం మొదలుపెట్టి ఆగడం లేదు.

డబ్బా పట్టుకుని కిందికి దిగాడు. ఆ అమ్మాయి వాళ్ళ అమ్మమ్మతో కలిసి బెంచీ మీద కూర్చుని ఉంది.

"పచ్చగా అన్నారు, తగ్గించాను. ఇప్పుడు తెల్లగా అంటున్నారు. అసలు మీకెలా కావాలండి?"

"నా పక్క పళ్ళు ఎలా ఉన్నాయో అలా."

"అలాగే ఉన్నాయి కదండీ."

"మీరు అయిదు సెకన్లే చూస్తారు. మీకేం తెలుస్తుంది?"

అమ్మమ్మ మనవరాలి వైపు ఒకసారి, మేస్త్రీ వైపు ఒకసారి చూసి, మొన్నవి తన కంటికి బాగానే ఉన్నాయని గొణిగింది. మనవరాలు ఆవిడ మోచేతిని మెల్లగా నొక్కింది. అదీ అతనికి అర్థం కాలేదు.

ఆ అమ్మాయి పిల్లలకు ఈత నేర్పుతుంది. నీళ్ళలోంచి ఒక్కసారిగా పైకి లేచిన ఒక పిల్లాడి తల తగిలి పై వరుసలో ముందు పళ్ళు రెండు ఊడిపోయాయి. స్క్రూలు ఎముకలో కుదురుకున్నాక, రంగు చూడమని డాక్టరమ్మ ఆమెను మొదటిసారి పై గదికి పంపించింది. ఆ రోజు అతను ఆమె ఎర్ర చొక్కా మీద బూడిదరంగు గుడ్డ కప్పి, కిటికీ దగ్గర నిలబెట్టి, నమూనా పళ్ళ వరుసను ఆమె పెదవుల పక్కన పట్టుకుని చూశాడు. అయిదు లెక్కపెట్టి టక్కున మొహం తిప్పేసి, గోడకున్న నీలం అట్టను చూస్తూ నిలబడ్డాడు.

ఏమైంది, అంత భయంకరంగా ఉన్నానా అని అడిగింది. అదేం కాదనీ, ఎక్కువసేపు చూస్తే కన్ను అలసిపోయి మోసం చేస్తుందనీ, నీలం చూస్తే తేరుకుంటుందనీ అతను వివరించాడు.

"ఇప్పుడు తేరుకుందా?"

"తేరుకుంది."

"అయితే మళ్ళీ చూడండి."

మళ్ళీ చూశాడు. ఆమె కళ్ళు నవ్వుతున్నాయని గమనించాడు గానీ, చూడవలసింది పళ్ళు గనక అటే చూశాడు. ఇంతలో మబ్బు కమ్మి వాన మొదలైంది. వాన వెలుగులో రంగు తేలదని, రేపు రమ్మన్నాడు. మర్నాడూ వానే. ఆ మర్నాడూ వానే. ఆ రెండు రోజులూ ఆమె తడుస్తూ వచ్చింది, ఇద్దరూ కిటికీ దగ్గర కూర్చుని వాన తగ్గడం కోసం ఎదురుచూశారు. నాలుగో రోజు ఎండ వచ్చింది. ఆమె మొహం మాత్రం చిన్నబోయింది. ఎందుకో అతనికి బోధపడలేదు.

ఇప్పుడు ఈ తిరిగి వచ్చిన పళ్ళు. డాక్టరమ్మ పిలిచి మెత్తగానే చెప్పింది. తన కంటికి రెండు జతలూ బాగున్నాయట, కానీ పెట్టుకునే మనిషి బాగోలేదంటే బాగోలేనట్టేనట. మూడోసారి కూడా తిరిగొస్తే ఈ పని బయటి ల్యాబ్‌కి పంపక తప్పదంది.

అతను రాత్రంతా ఆలోచించి ఒక పని చేశాడు. కొత్తవి చేయకుండా, మొదట చేసిన జతనే కడిగి, వేరే డబ్బాలో పెట్టి కిందికి పంపించాడు. పావుగంటలో అక్క పైకి వచ్చింది.

"ఇంకా తెల్లగానే ఉన్నాయట, మేస్త్రీ."

ఆమె పచ్చగా ఉన్నాయన్న పళ్ళే అవి.

ఇంకొకరైతే అక్కడే పట్టేసేవారు. కానీ ఇతను, తను చేసినదాని గురించి ఎవరేమన్నా ముందు తననే అనుమానించుకునే మనిషి. డబ్బాలు తారుమారు చేశానేమో అనుకున్నాడు. తరవాత కళ్ళే పోయాయనుకున్నాడు. కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళి చుక్కల బొమ్మల్లో అంకెలన్నీ తప్పులేకుండా చదివాడు. కళ్ళకేం లోపం లేదన్నాడాయన. లోపం లేకపోతే మరేమిటి? ఆమెకు తన చేతి మీద నమ్మకం లేదు, అంతే. నమ్మకం లేని నోట్లో తన పని జీవితాంతం ఉండడం తప్పనిపించింది. ఆ ఊళ్ళో అతనికి ఆ పై గది తప్ప వేరే ఆధారం లేదు. అయినా డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళి, ఆ పళ్ళు బయట చేయించమని, నెలాఖరుకు తను మానేస్తానని, మేనమామ ఊళ్ళో కట్టుడు పళ్ళ పని దొరుకుతుందని చెప్పేశాడు.

మర్నాడు పొద్దున అతను కుంచెలు కడిగి గుడ్డలో చుడుతుండగా మెట్ల మీద గబగబా అడుగుల చప్పుడు వినిపించింది. ఈత టీచరు.

"మానేస్తున్నారట?"

"అవునండి."

"నా వల్లా?"

"మీ వల్ల కాదు. నా పనిలోనే ఏదో లోపం ఉంది. అదే పన్ను ఒకనాడు పచ్చగా, ఒకనాడు తెల్లగా కనబడేలా చేశానంటే..."

"అదే పన్నా?" ఆమె ఆగిపోయింది. "మూడోసారి పంపినవి మొదటివేనా?"

"అవును. మీరే తెల్లగా ఉన్నాయన్నారు."

ఆమె స్టూలు మీద కూలబడింది. గోడకున్న నీలం అట్టనే చూస్తూ, "నేను అద్దంలో చూడలేదు" అంది. "మూడుసార్లలో ఒక్కసారీ సరిగ్గా చూడలేదు. మొదటివే నా పళ్ళు. నాలికతో తడిమితేనే తెలిసిపోయింది."

"మరి పచ్చగా అని..."

"నా దగ్గర ఈత నేర్చుకున్న పిల్లలు మళ్ళీ రారండి. రోజూ నా వేలు పట్టుకునే నీళ్ళలోకి దిగుతారు. ఈత వచ్చిన మర్నాటి నుంచి కనబడరు. వాళ్ళ తప్పేం కాదు, పని అయిపోయింది. ఈ పళ్ళు బిగించేస్తే నాకూ ఈ మెట్లెక్కే పని ఉండదు కదా."

అతను అయోమయంగా చూశాడు. "అంటే... పళ్ళు బాగున్నట్టేనా?"

"మీకు ఇంకా పళ్ళే కనబడుతున్నాయా?"

అప్పుడు అర్థమైంది. అర్థమవగానే సంతోషం రాలేదు, కోపం వచ్చింది. గుడ్డ చుట్ట బల్ల మీద పెట్టేశాడు.

"వారం రోజులు నా కళ్ళు పోయాయనుకుని బతికానండి. కంటి డాక్టరు దగ్గర కూర్చుని, ఇక ఏ పని చేసుకు బతకాలా అని ఆలోచించాను. ఒక్కమాట చెప్పి ఉంటే సరిపోయేది."

ఆమె కళ్ళు నిండాయి. తప్పేనంది. ఏం చేయమంటే అది చేస్తానంది.

"కిందికి వెళ్ళి డాక్టరమ్మకు నిజం చెప్పండి."

మరుక్షణం లేచి వెళ్ళింది. అతను మెట్ల మీదే నిలబడి విన్నాడు. ఏదో ఒక వంక చెబుతుందేమో అనుకున్నాడు. చెప్పలేదు. మూడుసార్లూ తను అన్నది అబద్ధమని, మేస్త్రీ పనిలో ఏ లోపమూ లేదని, తనకు అతన్ని చూడాలని ఉండేదని, అక్క ముందు, అమ్మమ్మ ముందు, బెంచీ మీద తమ వంతు కోసం కూర్చున్న మరో ఇద్దరి ముందు చెప్పేసింది. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఇలాంటి పేషెంటును తను చూడలేదని, పళ్ళు ఇప్పుడే బిగించేస్తానని, వచ్చి కుర్చీలో కూర్చోమని అంది. తరవాత మెట్ల వైపు తిరిగింది.

"నువ్వు మానేస్తానన్న మాట నేను వినలేదు, మేస్త్రీ. ఆ పళ్ళు పట్రా."

అతను మొదటి జత తెచ్చి ట్రేలో పెట్టాడు. నొప్పి అనిపిస్తే ఎడమ చెయ్యి ఎత్తమని చెప్పి, డాక్టరమ్మ ఆమె నోట్లో దూది కుక్కి, మొదటి పన్ను కూర్చోబెట్టి బిగించడం మొదలుపెట్టింది. అతను పక్కనే నిలబడ్డాడు. ఆ పన్ను ఎక్కడ మొదలవుతుందో, ఆమె పన్ను ఎక్కడ ముగుస్తుందో అతనికే తెలియడం లేదు. కోపం ఎటు పోయిందో కూడా తెలియడం లేదు. ఆమె జవాబు చెప్పలేని ఆ నిమిషంలోనే అతనికి ధైర్యం వచ్చింది.

"ఆదివారం మీ ఇంటికి వస్తానండి. మీ నాన్నగారితో మాట్లాడాలి. రమ్మంటారా?"

ఆమె ఎడమ చెయ్యి పైకి లేచింది.

డాక్టరమ్మ ఠక్కున ఆగిపోయింది. "నొప్పా?"

ఆమె కాదని తల ఊపింది. చెయ్యి మాత్రం దించలేదు. డాక్టరమ్మకు అర్థం కాలేదు, అక్కకు అర్థం కాలేదు, మేస్త్రీకి అసలే అర్థం కాలేదు. రమ్మనా, వద్దనా?

తలుపు దగ్గర కుర్చీలో కూర్చున్న అమ్మమ్మ నవ్వింది.

"రమ్మంటోంది, నాయనా. మధ్యాహ్నం భోజనానికే వచ్చెయ్. నువ్వా చెయ్యి దించవే, తల్లీ, డాక్టరుగారు రెండో పన్ను కూడా పెట్టాలి."