లెక్కలోకి రాని పిల్ల

పొద్దున ఆరున్నరకే సింధు చెప్పులేసుకుని గేటు దగ్గర నిలబడింది. చేతిలో సగం దోసె, నోట్లో మిగతా సగం. మే నెలలో నరసరావుపేటలో తొమ్మిదయితే బయట కాలు పెట్టలేరు కాబట్టి, వీధిలో పిల్లలకు ఆట అప్పుడే మొదలు. మళ్ళీ సాయంత్రం అయిదు దాటాకే.

"కూర్చుని తినవే. ఆటేమన్నా పారిపోతుందా?" అంది రోహిణి వంటింట్లోంచి.

"జట్లు పంచేస్తారమ్మా. నేను లేకపోతే ఎట్టా? ఈ సెలవుల్లో నన్ను ఒక్కళ్ళు కూడా ఔట్ చెయ్యలా, తెలుసా నీకు?"

తెలుసు. రోహిణికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. కూతురి మొహం చూడలేక, ఇంకా కాలని దోసెను తిరగేసి ముక్కలు చేసుకుంది.

"నా మనవరాలంటే ఏందనుకున్నారు," అని వరండాలో చింతపండు గింజలు తీస్తున్న పార్వతమ్మ మురిసిపోయింది. ఆమె రోహిణి అత్తగారు.

సింధుకు తొమ్మిదేళ్ళు. ఏడో ఏట గుండెలో రంధ్రం ఉందని గుంటూరులో ఆపరేషన్ చేశారు. ఆ తర్వాత రెండు వేసవులూ పిల్ల కిటికీ చువ్వలు పట్టుకునే గడిపింది. డాక్టర్ పరిగెత్తొద్దన్నాడని ఇంట్లో చెప్పినా, నిదానంగా ఆడుకుంటానని మారాం చేసే పిల్లను ఈసారి ఆపడం రోహిణి వల్ల కాలేదు. అందుకని ఒక ఉపాయం పన్నింది. ఎదురింటి కరీముల్లా కూతురు ఉజ్మా పన్నెండేళ్ళది, వీధి పిల్లలందరికీ నాయకురాలు. ఆ పిల్లను చాటుగా పిలిచి, "మా సింధుని అరటిపండుగా పెట్టుకోమ్మా. దానికి మాత్రం తెలియనివ్వమాకు" అని చెప్పింది.

అరటిపండంటే ఆటలో ఉంటుంది, లెక్కలో ఉండదు. ఔట్ కాదు, గెలవదు. మామూలుగా మూడేళ్ళ బుడ్డోళ్ళకిచ్చే పదవి అది. పిల్లలు పెద్దవాళ్ళకన్నా నమ్మకస్తులు, నెల రోజులు మాట నిలబెట్టుకున్నారు. బంతి ఎప్పుడూ సింధు పక్కనుంచే పోయింది.

ఆ రోజు ఏడు పెంకులాట. నాపరాయి ముక్కలు ఏడు పేర్చి, బంతితో పడగొట్టి, అవతలి జట్టు బంతి తగిలేలోపు మళ్ళీ పేర్చాలి. రోహిణి ఇల్లు తుడుస్తూ గేటు దాకా రావడం, పోవడం. చీపురు పట్టుకునే నాలుగోసారి వచ్చేసరికి సింధు ఏడో ముక్క పెట్టి, రెండు చేతులూ పైకెత్తి ఎగురుతోంది.

"గెలిచాం, నేనే పెట్టా," అని అరిచింది.

"అది లెక్కలోకి రాదక్కా," అన్నాడు ఉజ్మా తమ్ముడు వాజిద్. "నువ్వు అరటిపండువి గదా. రోహిణి పిన్నే చెప్పింది."

ఉజ్మా వాడి నోరు మూసింది గానీ అప్పటికే ఆలస్యమైంది. ఎత్తిన చేతులు మెల్లగా దించి, సింధు నేరుగా తల్లి దగ్గరికి వచ్చింది.

"నువ్వు చెప్పావా?"

"నీ మంచికేనే. డాక్టర్ ఇంకో ఏడాది పరిగెత్తొద్దన్నాడని చెప్పాగా."

"అయితే ఫోన్ చెయ్యి. నేనే అడుగుతా."

రోహిణి చీపురు మూలన పెట్టింది. మళ్ళీ తీసింది. అది చూసి పార్వతమ్మ చింతపండు పళ్ళెం పక్కకు నెట్టింది.

"చెయ్యమ్మా. నేనూ వింటా."

"ఇంత పొద్దున్నే ఎవరు ఎత్తుతారు అత్తయ్యా?"

"రోహిణీ, నా మొహం చూసి చెప్పు. డాక్టర్ ఏమన్నాడు?"

 రోహిణి నేల చూస్తూ చెప్పింది. "మార్చిలోనే అన్నాడు. అంతా బాగుంది, అందరు పిల్లల్లాగే ఆడుకోవచ్చని."

"మార్చిలోనా? ఇంట్లో ఒక్కళ్ళకీ చెప్పలా?"

"చెప్తే మీరు పరిగెత్తొద్దనరు. అది పరిగెత్తుద్ది. మీకేం తెలుసు అత్తయ్యా, ఆ రోజు ఆపరేషన్ గది బయట నేను..."

"నాకు తెలియదా? ఆ ఆరు గంటలూ నా చెయ్యి పట్టుకుని కూర్చుంది నువ్వే. నువ్వు పిసికిన పిసుకుడికి వారం రోజులు నా వేళ్ళు కదల్లా." పార్వతమ్మ మనవరాలి వైపు చూసింది. "నాకూ భయమేనమ్మా. ఇప్పటికీ అది నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తా. అట్టాగని బతికించుకున్న పిల్లని కూర్చోబెడతామా?"

సింధు అప్పుడు ఏడ్చింది. "నేను బాగా ఆడుతున్నా అనుకున్నానమ్మా. అందరూ నవ్వుకునే ఉంటారు. నాకు ఔటవ్వాలని ఉంది."

రోహిణి దగ్గరికి తీసుకోబోతే, పిల్ల తోసేసి నాయనమ్మ ఒళ్ళో మొహం దాచుకుంది. ఆ తోసెయ్యడం రోహిణికి గట్టిగానే తగిలింది. మధ్యాహ్నం అన్నం వడ్డించుకుని కూడా కంచం మీద మూత పెట్టేసింది. పిల్లకు ఏమీ కాకూడదనుకుంది, నిజమే. కానీ ఆ భయం తనది. దాన్ని తీసుకెళ్ళి పిల్ల నెత్తిన పెట్టింది.

అయిదింటికి తనే రోడ్డు దాటి వెళ్ళింది. "ఉజ్మా, ఇవాళ్టి నుంచి సింధుని లెక్కలో పెట్టుకోండి."

"నిజంగా కొట్టమంటావా పిన్నీ?"

రోహిణి తల ఊపింది. "అందర్నీ ఎట్టా కొడతారో అట్టాగే."

సింధు అనుమానంగానే జట్టులో చేరింది. అత్తాకోడళ్ళిద్దరూ గేటు దగ్గర నిలబడ్డారు. పెంకులు కూలాయి. సింధు వంగి మూడో రాయి పెట్టబోతుండగా ఉజ్మా విసిరిన బంతి వీపు మీద చప్పుడయ్యేలా తగిలింది. రోహిణి ఒక అడుగు వేసేసింది. పార్వతమ్మ కోడలి మణికట్టు పట్టుకుని ఆపింది.

"కదలమాకు."

సింధు లేచింది. రొప్పుతూనే నడుం మీద చేతులేసుకుని ఉజ్మా మీదికి వెళ్ళింది. "తగల్లా. గౌనుకు తగిలింది. గౌనుకు తగిలితే ఔట్ కాదు."

"ఔటే," అన్నారందరూ ఒక్కసారి.

"కాదు. కావాలంటే మా అమ్మ చూసింది, అడగండి. అమ్మా, నువ్వు చెప్పు."

వీధిలో పిల్లలంతా రోహిణి వైపు తిరిగారు. ఎర్రబడ్డ మొహం, చెమటకు అంటుకుపోయిన జుట్టు, పోట్లాటకు సిద్ధంగా ఉన్న కూతుర్ని ఆమె తేరిపార చూసింది.

"తగిలింది సింధూ," అంది. "నువ్వు ఔట్."

"నువ్వూ వాళ్ళ జట్టేనా," అని విసుక్కుంటూ సింధు కాళ్ళు నేలకేసి కొట్టుకుంటూ వెళ్ళి, ఔటైన పిల్లల పక్కన అరుగు మీద కూలబడింది. రోహిణి అత్తగారి భుజం మీద తల ఆనించి ఏడ్చేసింది.