మూడో గదిలో ముక్కాలిపీట

ఆ మ్యూజియంలో మూడో గదికి మంచి పేరు లేదు. పగలంతా బడిపిల్లలతో కిటకిటలాడే గదే... దీపాలు ఆర్పాక మాత్రం అటు వెళ్ళడానికి పిల్లి కూడా జంకేదట.

రెండు మూడు నెలలకోసారి, అర్ధరాత్రి దాటాక లోపల్నుంచి శబ్దం వచ్చేది. టక్... టక్... టక్.

గది మొత్తానికి ఉన్నది ఒకే ఒక్క వస్తువు — గాజు పెట్టెలో ఒక ముక్కాలిపీట. స్వాతంత్ర్యం ప్రకటించిన రోజు దేశపు తొలి నాయకుడు సింహాసనాన్ని పక్కకు తోసేసి దాని మీద కూర్చున్నాడట. పిల్లల వాచకంలో మొదటి పాఠం అదే, తపాలా బిళ్ళ మీద బొమ్మ అదే. కొత్తగా గద్దెనెక్కే ప్రతి అధ్యక్షుడూ దాని మీద కూర్చునే ప్రమాణం చెయ్యాలి. "మాకు సింహాసనాలు పట్టవు, మాది పీట మీద కూర్చున్న జాతి" అని అక్కడి జనం గొప్పగా చెప్పుకుంటారు.

అందుకే ఆ టక్ టక్ తొలి నాయకుడి ఆత్మేనని అందరికీ గట్టి నమ్మకం. ధరలు పెరిగాయని కోపంతో కొడుతున్నాడని ప్రతిపక్షం, మెచ్చుకుని కొడుతున్నాడని ప్రభుత్వం... ఎవరి గోల వాళ్ళది.

కొత్తగా చేరిన వాచ్‌మన్‌కి ఈ గోలతో పని లేదు. ఇంట్లో భార్య కడుపుతో ఉంది, ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. తెల్లారితే ఆ గదిలోనే కొత్త అధ్యక్షుడి ప్రమాణం. పీటకు చిన్న గీత పడినా ఇంటికి పంపిస్తానని డైరెక్టరు మరీ మరీ చెప్పి వెళ్ళాడు.

సరిగ్గా ఆ రాత్రే వినిపించింది. టక్... టక్...

వాచ్‌మన్ పారిపోదామనుకున్నాడు గానీ, దెయ్యం వదిలినా డైరెక్టరు వదలడు. ఏమైతే అదయిందని టార్చి పట్టుకుని, గోడవారగా ఒక్కో అడుగే వేశాడు.

తలుపు ఓరగా తీసి ఉంది... గాజు పెట్టె తెరిచి ఉంది... నేల మీద పీట బోర్లా పడి ఉంది — దాని మూడు కాళ్ళ వెనకనుంచి తెల్లటి జుట్టుతో, తెల్లటి చొక్కాతో ఒక ఆకారం మెల్లగా తలెత్తింది.

ఆ క్షణాన అతనికి దేవుళ్ళు ఒక్కరూ గుర్తుకు రాలేదు. చిన్నప్పుడు బట్టీ పట్టిన మొదటి పాఠమే నోటికొచ్చింది. "మహానాయకా..." అని గొణుగుతూ మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"ఎలాగూ కూర్చున్నావు, ఆ కాలు కాస్త గట్టిగా పట్టుకో బాబూ," అంది ఆకారం గుసగుసగా. "నా చేతులు వణుకుతున్నాయి."

కాలు పట్టుకున్నాడు. వెచ్చటి ఊపిరి మొహానికి తగిలింది. కాసేపటికి దెయ్యానికి దగ్గు కూడా వచ్చింది. అప్పటికిగానీ వాచ్‌మన్‌కి ధైర్యం రాలేదు.

"ఎవరు తాతా నువ్వు?"

"ఒకప్పుడు ఈ గదికి వాచ్‌మన్ని. రేపు కూర్చునే ఆయన బరువెంతుంటాడు?"

మనిషి భారీగానే ఉంటాడని చెప్పాడు. అయితే ఇంకో చీల పడాలని, ముసలాయన జేబులోంచి సన్నటి చెక్కముక్క తీశాడు.

దాన్ని సుత్తితో దిగ్గొడుతూనే అసలు సంగతి చెప్పాడు. పీటకు ఈ కాలు మొదట్నుంచీ వదులేనట, ఎంత బిగించినా రెండు మూడు నెలలకే మళ్ళీ ఊగుతుందట. ఆయనకెలా తెలుసంటే... పీట ఆయనదే. మోకాళ్ళ నొప్పులతో నిలబడలేక ఇంటి నుంచి తెచ్చుకున్నది.

నలభై ఏళ్ళ కిందట ఆయన జ్వరమొచ్చి సెలవు పెట్టిన వారంలోనే, ఏటా వస్తువులకు నంబర్లు వేసే గుమాస్తా వచ్చాడు. గదిలో కనపడ్డ ప్రతిదానికీ రంగుతో నంబరు వేసినట్టే పీటకూ వేసేశాడు. నంబరు పడితే చీటీ ఉండాలి, చీటీ మీద చరిత్ర ఉండాలి. పండితులు కూర్చుని రాశారు. అది పాఠమైంది, పాఠం ప్రమాణమైంది. గదిలో మిగతా వస్తువులన్నీ బయటికి, పీట గాజు పెట్టెలోకి పోయాయి. రిటైరయ్యేదాకా ముసలాయన దాని పక్కనే నిలబడి కాపలా కాశాడు.

"ఎవరికీ చెప్పలేదా?"

"చెప్పాను. వాచకం అచ్చయిపోయింది, ఊరుకోమన్నారు. మరి ఎవరో ఒకరు బిగించాలి కదా... పాత తాళంచెవి నా దగ్గరే ఉండిపోయింది."

వాచ్‌మన్‌కి ఒళ్ళు మండింది, వెంటనే ఏడుపూ వచ్చింది. ఆ పాఠం వల్లించే పెరిగాడు మరి. అయినా పట్టుకున్న కాలు వదల్లేదు.

పొద్దున్నే వేసిన కుర్చీలన్నీ నిండి గది కిక్కిరిసిపోయింది. అధ్యక్షుడు వచ్చాడు. పీట మీద బరువు మోపగానే — కిర్రు...

వాచ్‌మన్ రాత్రి తను పట్టుకున్న కాలువైపు చూశాడు. పీట నిలబడింది. గదిలో ఉన్నవాళ్ళంతా ఒక్కసారిగా లేచారు. అంతా తెలిసి కూడా అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

జనంలో చివరన, పక్కనే నిలబడ్డ ముసలాయన అతని చెవి దగ్గరికి వంగాడు.

"పన్నెండేళ్ళు కూర్చున్నాను బాబూ దాని మీద. ఒక్కరోజైనా... ఒక్కరు కూడా లేచి నిలబడలేదు."