నలభై మంది మొగుళ్లు, ఒకటే బొటనవేలు

"ఈ పాపం నాది కాదమ్మా," అంటూ చిట్టెమ్మ గుమ్మంలోనే కూలబడింది. పెదబయలు పైన ఒక కొండ ఊరిలో ఆశా కార్యకర్త ఆమె. డిటెక్టివ్ నాగలక్ష్మిని వెతుక్కుంటూ విశాఖపట్నం దాకా వచ్చింది.

విషయం ఇది. ఒక మందుల సంస్థ గర్భం రాకుండా ఆపే కొత్త జెల్‌ను ఆ ఊరి ఆడవాళ్ల మీద పరీక్షిస్తోంది. అది సుఖవ్యాధులనూ ఆపుతుందో లేదో ఇంకా తేలలేదు. కండోమ్ మానొద్దని అంగీకార పత్రంలో రాసే ఉంది. రాసి ఏం లాభం? ఆ మాట ఎవరికీ చెప్పలేదు. జెల్ చాలనుకుని కండోమ్ మానేసిన గంగ అనే ఆవిడకి ఇప్పుడు సిఫిలిస్ అంటుకుంది.

"నేనే సదివి ఇనిపించి, మొగుడూ పెళ్లాల సేత వేలిముద్రలు ఏయించానంట! ఆ కాయితం నేను సదవనే నేదమ్మా. ఊరోళ్లు నన్ను గడప తొక్కనీడం నేదు. రేపో మాపో ఉద్యోగం తీసేత్తారు."

"కింద సంతకం నీదేనా?"

చిట్టెమ్మ తల దించుకుంది. "జెల్ ట్యూబులు పంచినట్టు రాసుకుంటామని ఖాళీ కాయితాలిచ్చారు. పెట్టేశాను."

"అది నీ తప్పే. మిగతాది ఎవరిదో చూద్దాం," అంది నాగలక్ష్మి.

అసిస్టెంట్ కామేష్ జీపు తీశాడు. ఘాట్‌లో ఒక మలుపు దగ్గర నవ్వాడు. "ఏప్రిల్లో ఇటికల పండగకి ఈ ఊరి ఆడాళ్లు కర్ర అడ్డం పెట్టి చందాకి మనల్ని ఆపింది ఇక్కడే కదా మేడమ్! మగాళ్లంతా అడవిలోకి వేటకెళ్లారు. వేట దొరక్క ఖాళీ చేతుల్తో కొండ దిగితే వాళ్ల మొహాన పేడ కొడతామని ఆడాళ్లు ఎంత నవ్వారో! ఫోటో ఉంది నా దగ్గర."

ఊళ్లో సంస్థ ఉద్యోగి దేవీప్రసాద్ కాఫీ గ్లాసు అందించాడు. అతని ఎడమ బొటనవేలికి అడ్డంగా పాత కోత మచ్చ. నలభై పత్రాలూ ముందు పెట్టాడు. అన్నింటి మీదా తేదీ ఏప్రిల్ పన్నెండు.

"మొగుడూ పెళ్లాం పక్కపక్కన కూర్చుని వేశారండీ. నా కళ్లతో చూశాను."

నాగలక్ష్మి భూతద్దం పట్టి ఒక్కో ముద్రా చూసింది. పత్రాలన్నీ సంచిలో పెట్టుకుంది.

సాయంత్రం బడి వరండాలో ఊరినంతా కూర్చోబెట్టింది. "కామేష్, ఆ ఫోటో తేదీ చదువు."

"ఏప్రిల్ పన్నెండు, మేడమ్."

"ఆ రోజు ఊళ్లో మగాడెవడైనా ఉన్నాడా?"

గంగ కిసుక్కున నవ్వింది. "ఏట నాడు ఊళ్లో ఉంటే బతకనిత్తామేటి?"

"మరి నలభై మంది మొగుళ్లు ఎక్కణ్ణుంచి వచ్చారు? ఆడవాళ్ల ముద్రలు ట్యూబులు తీసుకుంటూ ఖాళీ కాయితాల మీద వేసినవి. మగవాళ్లవి మాత్రం నలభయ్యీ ఒకే వేలివి. ప్రతిదాని మధ్యా ఒక తెల్లగీత. పట్నంలో కూర్చుని తేదీ వేసినవాడికి ఈ ఊరి పండగ తెలియదు. దేవీప్రసాద్ గారూ, ఆ బొటనవేలు చూపించండి."

అతను చెయ్యి జేబులోకి తోసుకున్నాడు. "చదివినా వీళ్లకేం అర్థమవుతుంది మేడమ్?"

ఇదీ అసలు నేరం. నాగలక్ష్మి పత్రం తీసి చిట్టెమ్మ చేతిలో పెట్టింది. "ఇప్పుడు చదువు."

చిట్టెమ్మ చదివింది. ప్రతి ముక్కకీ ఊరివాళ్లది ఒక ప్రశ్న. నాలుగు పేజీలకి చీకటి పడింది. మధ్యలో లేచిపోదామనుకున్న దేవీప్రసాద్‌కి కామేష్ అడ్డం కూర్చున్నాడు.

"నా రోగం పోద్దా?" అడిగింది గంగ.

"సూదితో పోద్ది. మీ ఆయనా ఏయించుకోవాల," అంది చిట్టెమ్మ.

గంగ మొగుడు సుక్రు మెల్లగా లేచాడు. "నాకేటి రోగం?"

"ఏయించుకోకుండా ఇంటికి రా సూత్తాను," అంది గంగ. "పండగ దాకా ఆగను. పేడ ఇప్పుడే కలుపుతాను."

వరండా అంతా గొల్లున నవ్వింది. సుక్రు కూర్చున్నాడు.

"చిట్టెమ్మా," అంది గంగ, "రేపు పొద్దున బేగి మా ఇంటికి రా. ఆ కాయితం మా అత్తకీ ఇనిపించాల."