ఇరవై రెండు రూపాయల బొంత

నందిగామలో అన్నీ తెలిసినవాళ్ళకి కొదవ లేదు. అయితే అడక్కుండానే అన్నీ చెప్పేవాడు సైఫుల్లా ఒక్కడేనని తబస్సుం మొదటి రోజే తేల్చేసుకుంది.

ఆ రోజు ముసురు పట్టింది. జగ్గయ్యపేట బస్సు దిగి, ప్లాస్టిక్ సంచిలో చుట్టిన బొంతని పసిపిల్లలా భుజానేసుకుని, విదేశాలకు పార్సిళ్ళు పంపే అతని కొట్లోకి వచ్చింది. ఆ కొట్లో ఇద్దరు నిలబడితే మూడో మనిషి వానలోనే ఉండాలి. బోర్డు మాత్రం కొట్టు కంటే వెడల్పు. "సైఫ్ గ్లోబల్ సొల్యూషన్స్" అని ఇంగ్లీషులో బారెడు అక్షరాలు, కింద బుద్ధిగా "జిరాక్స్ తీయబడును" అని తెలుగులో.

"ఎక్కడికండి?"

"అమెరికా."

"లోపలేంటి?"

"బొంత."

"క్విల్ట్ అనాలండి. హ్యాండ్‌మేడ్ క్విల్ట్. బొంత అంటే రేటు రాదు."

"కప్పుకున్నవాళ్ళకి వెచ్చగా ఉంటే చాలు. మీరు తూకం వేయండి."

అతను తూకం వేశాడు. ఫారం నింపాడు. అంతటితో ఊరుకుంటే అతను సైఫుల్లా ఎందుకవుతాడు? ఆన్‌లైన్లో డాలర్లలో అమ్ముతున్నారా, రూపాయల్లోనా అని అడిగాడు.

"డాలర్లలోనే ఉంది. రూపాయల్లోకి మార్చాలి. డబ్బు మా రూపాయల ఖాతాకి వస్తది గదా, మార్చినందుకని సైటు వాళ్ళు ప్రతిసారీ నూటికి రెండున్నర కోసుకుంటున్నారు."

"ఆ రెండున్నర కోసం చూసుకుంటే అసలుకే మోసం వస్తదండి. రూపాయల్లో పెట్టారనుకోండి, ఆ దేశపావిడకి రోజుకో రేటు కనపడుద్ది. నిన్న నలభై ఎనిమిది డాలర్లు చూసింది, ఇవాళ నలభై తొమ్మిది చూస్తే ఇదేదో మాయ అనుకుని పోద్ది. కొనేవాళ్ళ డబ్బులో రేటు చెప్పాలి. బిజినెస్‌లో అది బేసిక్."

"మీరెన్ని అమ్మారు?"

"ఏంటండి?"

"విదేశాలకి. ఇప్పటిదాకా మీరేం అమ్మారు?"

సైఫుల్లా గొంతు సవరించుకున్నాడు. "నాది కన్సల్టింగ్ అండి."

"అంటే ఏం అమ్మలా."

కళ్ళజోడు పెట్టుకుంటే పెద్దమనిషిలా ఉంటానని అతనికి ఎవరో చెప్పి ఉండాలి. దాన్ని తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. ముక్కు బాగానే ఉంది, తెలివే తక్కువ అనుకుంది తబస్సుం.

ఆమెకి వెక్కిరింత వెన్నతో పెట్టిన విద్య. కానీ ఆ రోజు ఆమె గుండెలో గుబులు కూడా ఉంది. వాళ్ళ తాతలు ఊరూరా తిరిగి దూది ఏకినవాళ్ళు. తండ్రి బుడే సాహెబుకి జగ్గయ్యపేటలో పరుపుల కొట్టు. దాని ముందుగదిలో నాయనమ్మ అమీర్‌బీ, తను కూర్చుని పాత నూలు చీరలతో బొంతలు కుడతారు. ఆరు నెలల్లో అమ్మింది మూడు. ఇదే మూడోది. ఆ గదిని సెల్‌ఫోన్ల షాపుకి అద్దెకి తీసుకుంటానని ఒకాయన తిరుగుతున్నాడు. "దసరా దాకా చూస్తానమ్మా. అప్పటికీ నీ ఆన్‌లైన్ నిలబడకపోతే గది ఆయనకిచ్చేస్తా. నువ్వు బట్టల షాపులో కౌంటరుకి పోదువుగాని," అన్నాడు బుడే సాహెబు. ఆయన కోపంగా అనలేదు, అదే ఆమెకి ఎక్కువ గుచ్చుకుంది.

"ఆ సెట్టింగుల పేజీ నా ఫోన్లో తెరుచుకోట్లా. మీ కంప్యూటర్లో మార్చి పెట్టండి. రూపాయలు. సొంత తెలివి వాడొద్దు," అంది.

"నాకేంటండి, మీ ఇష్టం." అతను జాబితా తెరిచాడు. ప్రపంచంలో ఉన్న డబ్బులన్నీ అందులో ఉన్నాయి. వేలు జారుతూ జారుతూ ఒకచోట ఆగింది. "ఇదిగో, రుపియా. ఉర్దూలోనే పెట్టారు చూడండి. మనవాళ్ళెవరో చేసుంటారు ఈ సైటుని."

"మీకు ఉర్దూ వచ్చా?"

"మనకి రాకపోతే ఇంకెవరికి వస్తదండి."

పచ్చి అబద్ధం. సైఫుల్లా ఇంట్లో పుట్టింది మొదలు తెలుగే. తబస్సుం ఇంట్లోనూ అంతే. శుక్రవారం మసీదులో నమాజు చదివించే హజ్రత్ ఉర్దూలో ప్రసంగిస్తుంటే అతను అందరికంటే గట్టిగా తల ఊపుతాడు, అంతవరకే అతని పాండిత్యం. తబస్సుంకి ఉర్దూ రాదని ఒప్పుకోవడం ఇష్టం లేదు. కాబట్టి ఆమె కూడా తల ఊపింది. గుడ్డివాడికి గుడ్డివాడు దారి చూపించాడు.

"ఇక్కడ Rp అని పడిందేంటి?"

"రూపీకి షార్ట్‌కట్ అండి," అని, ఉన్న పదకొండు రకాల బొంతలకీ నాలుగువేల రెండు వందల చొప్పున కొట్టాడు. 

రెండు రోజుల తర్వాత, పొద్దున టిఫిను వేళకి ఆమె ఫోను మోగడం మొదలుపెట్టి ఆగలేదు. ఆర్డర్లు. మధ్యాహ్నానికి నలభై ఒకటి. అమీర్‌బీ సూది పక్కన పెట్టి, చేతులెత్తి దువా చేసింది. బుడే సాహెబు సెల్‌ఫోన్ల షాపాయనకి ఫోన్ చేసి గది సంగతి ఇక మర్చిపొమ్మన్నాడు. తబస్సుం ఆ నందిగామ మేధావిని ఊరికే తిట్టుకున్నానని మనసులో ఒక్క క్షణం నొచ్చుకుంది కూడా.

తర్వాత డబ్బెంత వచ్చిందో చూసింది.

ఒక్కో బొంతకి ఇరవై రెండు రూపాయలు. పది రోజులు కూర్చుని కుట్టే బొంత. ఇరవై రెండుకి దారం కూడా రాదు.

మరుసటి బస్సుకే నందిగామ వెళ్ళింది. సైఫుల్లా ఎవరికో ఆధార్ కార్డు జిరాక్స్ తీస్తున్నాడు. ఆ మనిషి వెళ్ళేదాకా ఓపిక పట్టింది, ఆమె జీవితంలో చేసిన పెద్ద త్యాగాల్లో అదొకటి.

"మీ మనవాళ్ళు ఇండోనేషియాలో ఉన్నారంట," అంది.

"ఎవరండి?"

"రుపియా అనేది వాళ్ళ డబ్బంట. మన ఒక్క రూపాయికి వాళ్ళవి నూట ఎనభై పైన. మీ ఉర్దూ పుణ్యమా అని దునియా మొత్తం మా బొంతల్ని ఇరవై రెండు రూపాయలకి ఎగరేసుకుపోయింది."

అతని మొహం సున్నం కొట్టిన గోడలా అయింది. "క్యాన్సిల్ కొట్టేద్దామండి."

"కొట్టండి. అమ్మేవాళ్ళు ఇన్ని క్యాన్సిల్ చేస్తే సైటులో మా దుకాణమే తీసేస్తారంట, రూల్స్‌లో రాసుంది. అప్పుడు నేను బట్టల షాపులో చీరలు మడతేసుకుంటా, మీరు కన్సల్టింగ్ చేసుకోండి."

సైటు మీదో, కంప్యూటర్ మీదో, ఇండోనేషియా మీదో నెడతాడని ఆమె అనుకుంది. ఒక్కోదానికి ఒక్కో సమాధానం బస్సులోనే తయారు చేసుకుంది. అతను కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"తప్పు నాదేనండి. నాకు ఉర్దూ రాదు."

తయారు చేసుకున్న సమాధానాలన్నీ వృథా అయ్యాయి. ఆమెకి దానికి కూడా కోపం వచ్చింది.

కొన్నవాళ్ళు తమంతట తాము వద్దనుకుంటే అది అమ్మినవాళ్ళ లెక్కలోకి రాదని రూల్స్‌లో వెతికి పట్టుకున్నది అతనే. అందరికీ ఉత్తరం రాద్దామన్నాడు. రాశాడు కూడా. ఇంగ్లీషులో పేజీన్నర. గౌరవనీయులైన అయ్యా లేక అమ్మా అని మొదలెట్టి, ప్రగాఢ విచారంతో తెలియజేయునది ఏమనగా అనే దాకా వచ్చింది.

"ఎవరన్నా పోయారా?" అని అడిగి తబస్సుం మొత్తం కొట్టేసింది. తను నాలుగు వాక్యాలు రాసింది. రేటు పెట్టడంలో తప్పు జరిగింది. మా రూపాయికీ వేరే దేశపు రుపియాకీ తేడా తెలియలేదు. ఒక బొంత కుట్టడానికి మా నాయనమ్మకి పది రోజులు పడుతుంది. దయచేసి మీరే వద్దనండి.

వారంలో ముప్పై ఐదుమంది వద్దనుకున్నారు. సగం మంది నాయనమ్మకి సలాములు కూడా చెప్పారు. మిగతా ఆరుగురిలో ఐదుగురు పలకలేదు. ఆరో ఆయన మాత్రం, మీరు చెప్పిన ధరకి నేను కొన్నాను, పంపండి అని రాశాడు. 

"ఆరు బొంతలు. ఇద్దరం కుట్టినా నెల," అంది తబస్సుం.

"ముగ్గురం," అన్నాడు సైఫుల్లా.

"మీరా? మీకు సూదిలో దారం ఎక్కించడం వచ్చా? ఉర్దూ వచ్చినట్టేనా?"

"రాదండి. నేర్చుకుంటా."

అలా జగ్గయ్యపేట పరుపుల కొట్టు ముందుగదిలోకి అతను వచ్చి పడ్డాడు. మధ్యాహ్నం దాకా నందిగామలో పార్సిళ్ళు చూసుకుని, రెండింటి బస్సుకి బయల్దేరి, చిల్లకల్లు దగ్గర దిగి ఆటో పట్టుకుని వచ్చేవాడు. అమీర్‌బీ అతని మొదటి కుట్టు చూసి కళ్ళు చికిలించింది.

"ఒరే అబ్బాయ్, ఇవి కుట్లా, కోడి గీరిందా?"

"కోడికి ఇంకొంచెం పద్ధతి ఉంటది నాయనమ్మా," అంది తబస్సుం.

అతను నవ్వి, విప్పి, మళ్ళీ కుట్టాడు. రోజూ విప్పేవాడు. రోజూ వేలు పొడుచుకునేవాడు. వాన జోరుగా కొట్టిన రోజున కరెంటు పోయి, ముగ్గురూ గుమ్మం దగ్గరికి జరిగి వెలుతురులో కుడుతుంటే, అతను నోరు తెరవకుండా అరగంట కూర్చున్నాడు. ఆ నిశ్శబ్దం బాగుందని ఆమెకి తోచింది. తల ఎత్తి చూస్తే అతనూ చూస్తున్నాడు.

"కుట్టు చూడండి, నన్ను కాదు. మళ్ళీ వేలు పోద్ది," అంది. చెప్పి ముగించేలోపే పోయింది.

"రోజూ ఈ బస్సులేంటి, బండి ఉందిగా మీకు, దాని మీద రావచ్చుగా," అని ఒకరోజు విసుక్కుంది. ఆలస్యంగా వచ్చాడని కోపం. అతను ఏదో గొణిగి సూది పట్టుకున్నాడు. అతను వెళ్ళాక బుడే సాహెబు లోపల్నుంచి వచ్చాడు.

"బండి అమ్మేశాడమ్మా. ఆరు పార్సిళ్ళు ఆ దేశాలకి పంపాలంటే మాటలా? మనల్ని అడగటం ఇష్టం లేక అమ్మేశాడు. నీకు చెప్పొద్దన్నాడు."

తబస్సుం ఆ సాయంత్రం అతను వంకరగా కుట్టిన వరుసని విప్పుదామని తీసుకుని, విప్పకుండా అలాగే ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఇష్టపడ్డానని అప్పుడే ఆమెకి తెలిసింది. తెలిసినందుకు తన మీద తనకే చిరాకేసింది. ఊళ్ళో ఇంతమంది ఉండగా, పోయి పోయి ఈ గ్లోబల్ సొల్యూషనా?

ఆరూ పంపేశారు. దుకాణం నిలిచింది. నిలిచింది గానీ, సరైన రూపాయల్లో సరైన రేటు పెట్టి కూర్చుంటే ఒక్క బొంతా కదల్లేదు. ఆ ముప్పై ఐదుమందిలో ఒక అమెరికా ఆవిడ రాసింది. మీ బొంత కొనాలని రోజూ చూస్తున్నాను, రోజుకో ధర కనపడుతోంది, దయచేసి ఒక్క ధర చెప్పండి అని.

ఆ ఉత్తరాన్ని తబస్సుం రెండు రోజులు ఎవరికీ చూపించలేదు. దసరాకి ఇంక ఇరవై రోజులుంది. గది పోవడమా, పంతం పోవడమా అని తూచుకుంది. మూడో రోజు సైఫుల్లా వచ్చి కూర్చోగానే ఫోను అతని ముందు పెట్టింది.

"మీరు చెప్పిందే కరెక్టు," అంది. వేపాకు నమిలినట్టు అంది. "కొనేవాళ్ళ డబ్బులోనే చెప్పాలి. డాలర్లలో ఎంత పెడదాం?"

గెలిచానని అతను ఒక్క మాట అంటే ఆమె బతుకంతా క్షమించేది కాదు. అతను అనలేదు. సైటు వాళ్ళు కోసుకునే రెండున్నర కూడా ముందే కలిపి, యాభై ఎనిమిది డాలర్లని లెక్క తేల్చాడు. డాలర్ అనే మాట పక్కన ఏ దేశమో మూడుసార్లు చదివి, ఆమె చేత చదివించి, అప్పుడు నొక్కాడు.

అమెరికా ఆవిడ ఆ రోజే కొంది. వద్దనుకున్నవాళ్ళలో ఎనిమిది మంది వెనక్కి వచ్చారు. వాళ్ళ స్నేహితులు ఇంకో ఆరుగురు.

సెల్‌ఫోన్ల షాపాయన, మర్చిపొమ్మన్నా ఆశ వదులుకోక, దసరా ముందు అడ్వాన్సు కవరు పట్టుకుని మళ్ళీ వచ్చాడు. బుడే సాహెబు ఆయనకి టీ ఇచ్చి, కవరు ఆయన జేబులోనే పెట్టి పంపేశాడు. తర్వాత ముందుగదిలోకి వచ్చి, సైఫుల్లా ఎదురుగా పరుపు మీద కూర్చున్నాడు. అమీర్‌బీ సూది ఆపలేదు గానీ చెవి ఇటే పెట్టింది.

"అబ్బాయ్, రోజూ అంత దూరం నుంచి ఎందుకొస్తున్నావ్?"

"తప్పు చేశా గదండి, దిద్దుకోడానికి."

"దిద్దుకోటం అయిపోయి పదిహేను రోజులైంది."

సైఫుల్లా గొంతు సవరించుకున్నాడు. ఇంగ్లీషులో ఏదో దొర్లబోతోందని తబస్సుం పళ్ళు బిగపట్టి ఎదురుచూసింది.

"తబస్సుం కోసం వస్తున్నానండి," అన్నాడతను.

అందులో వంక పెట్టడానికి ఒక్క ముక్క దొరకలేదు. వెతికింది, దొరకలేదు. చెవులు వేడెక్కి, కుట్టు మీదికి ఇంకా వంగింది.

"ఏమ్మా, నువ్వేమంటావ్?" అడిగాడు తండ్రి.

దారం పంటితో కొరికింది. ముడి వేసింది. ఆ ముడి వేయడానికి మామూలుగా పట్టే దానికంటే చాలాసేపు పట్టింది.

"ఆదివారం వాళ్ళ అమ్మనీ నాన్ననీ రమ్మను నాన్నా," అంది తల ఎత్తకుండా. "మాటలు మాత్రం వాళ్ళనే మాట్లాడమను. ఈయన నోరు తెరిస్తే కుదిరిన సంబంధం కూడా చెడిపోద్ది."