ఆరు రోజుల గోడ

నీళ్ళక్కకి అన్యాయం జరిగింది. జూన్ పంతొమ్మిదో తేదీ మధ్యాహ్నం, గిడ్డంగిలో సగం లేచిన అడ్డగోడ కూలి మీద పడి చచ్చిపోయింది. అది ఒక అన్యాయం. "ఆవిడే వెళ్ళి గోడకి ఆనుకుంది" అని కంట్రాక్టరు కనపడ్డవాళ్ళందరికీ చెప్పుకు తిరగడం రెండోది. మొదటిదాన్ని తలరాత మీదకి తోసెయ్యొచ్చేమో. రెండోది మాత్రం అచ్చంగా ఆ పెద్దమనిషి సొంత తెలివి. ఆవిడ కూతురు అక్కడే ఇసుక మోస్తూ, తల్లిదే తప్పన్న మాట రోజూ వింటోంది.

ఆయన్ని పనివాళ్ళు చాటుగా తొందరయ్య అంటారు. అన్నం ఉడక్కముందే వడ్డించమనే రకం. ఎర్ర ఇటుకైతే రెంటిని ఒకదానికొకటి కొట్టి చూడాలి, ఖణేల్‌మంటేనే తీసుకోవాలి. అంత ఓపిక ఆయనకేదీ? అందుకే సిమెంటు బ్లాకులు పట్టుకున్నాడు. పెద్దవి కదా, గోడ గబగబా లేస్తుంది. కాకపోతే పోసినవాటికి రెండు వారాలైనా నీళ్ళు కొట్టాలి. ఆ పని నీళ్ళక్కది.

"ఇటుకని నిప్పు గట్టిపరుస్తుంది, దీన్ని నీళ్ళే గట్టిపరచాలి బాబూ. ఇవి పోసి ఆరు రోజులే. గోరుతో గీస్తే రాలుతున్నాయి. పెట్టించకండి" అని మొత్తుకుంది.

"నువ్వేమైనా ఇంజనీరువా?" అని నవ్వాడు. ఇంజనీరు ఆయనా కాదు, అది వేరే సంగతి.

తర్వాత వేసిన ఎత్తు చూడండి. కూలిన గోడలో పగలని బ్లాకులు ఏరించి, అదే చోట అదే గోడ మళ్ళీ కట్టించాడు. రోజులు గడిస్తే పచ్చి బ్లాకు కూడా రాయవుతుంది. జూలై నాలుగున తనిఖీకొచ్చే ఇన్‌స్పెక్టరమ్మ సుత్తితో కొట్టి చూస్తుంది, భేషుగ్గా ఉందని రాసుకుంటుంది. ఇక తప్పు ఎప్పటికీ చచ్చినావిడదే. మనిషి పోయాక కూడా ఆవిడ నెత్తిన బరువు పెట్టడానికి సిగ్గుపడని జన్మ!

మూడో తేదీ మధ్యాహ్నం వాన పట్టుకుంది. పని ఆగిపోయింది. గోడని ఒకసారి చూసుకుందామని ఆయనొక్కడే గిడ్డంగిలోకి వెళ్ళాడు. కిటికీలకి రేకులు కొట్టి ఉండటంతో పట్టపగలే లోపల చీకటి. ఇప్పుడే కలిపినట్టు పచ్చి సిమెంటు వాసన. కాసేపటికి వాన వెలిసింది. పైకప్పు మీద చప్పుడు ఆగింది. కాని ఎక్కడో నీళ్ళు పడుతూనే ఉన్నాయి.

ఛళ్... కాస్త ఆగి... ఛళ్...

ఎవరో మగ్గుతో వరసగా, శ్రద్ధగా, ఒక్కో బ్లాకుకీ నీళ్ళు కొడుతున్నట్టు.

"ఎవర్రా అక్కడ? ఎవడు తడపమన్నాడు?" చీకట్లో కూడా దబాయింపే.

ఛళ్... ఈసారి పక్కనే. చెంప మీద చల్లటి తుంపర పడింది.

ఫోను లైటు వేశాడు. ఎవరూ లేరు. గోడ మాత్రం నల్లగా నాని మెరుస్తోంది. ఈపాటికి రాయిలా ఉండాల్సిన గోడ. అరచెయ్యి ఆనించి నొక్కి చూశాడు.

చెయ్యి లోపలికి పోయింది. పెరుగులోకి దిగినట్టు మెత్తగా, మణికట్టుదాకా.

లాగాడు. రాలేదు. లోపల... ఏదో బిగుస్తోంది. వేళ్ళ చుట్టూ. ఒక్కో వేలి చుట్టూ...

"ఇంకా పచ్చిగానే ఉంది బాబూ." గోడలోంచి గుసగుస. "గట్టిపడేలోగా చెప్పెయ్యండి."

"ఏం... ఏం చెప్పాలి?"

"నేను ఆనుకున్నానా?"

ఎముకలు కలుక్కుమన్నాయి. నలుగురిలో మీసం మెలేసే మనిషి ముక్కు కారేలా ఏడ్చాడు. "లేదు తల్లీ, లేదు! అవి ఆరు రోజుల బ్లాకులే! నువ్వు వద్దన్నా నేనే పెట్టించాను! నేనే!"

తల్లీ అట! బతికుండగా ఆ నోట ఒక్కసారైనా రాని పిలుపు.

చెయ్యి గోడలోంచి బయటికొచ్చింది. వెల్లకిలా పడ్డాడు. తల తిప్పి చూస్తే గుమ్మంలో ఇన్‌స్పెక్టరమ్మ. చంకలో గొడుగు, చేతిలో రిజిస్టరు. ఆయన అరిచినదంతా వింది, రాసుకుంటోంది కూడా.

"మేడం... మీరు రేపు కదా రావాల్సింది?"

"బ్లాకులు ఆరు రోజులవేనని ఫిర్యాదు వచ్చిందండీ. అందుకే ఇవాళే వచ్చాను. ఇప్పుడు మీరే ఒప్పుకున్నారు, సంతకం పెట్టండి."

"ఆ ఫిర్యాదు ఏ వెధవ చేశాడు మేడం?" బుద్ధి ఎక్కడికి పోతుంది?

"ఎవరో ఆడమనిషి. తానే ఆఫీసుకొచ్చింది. నిలువెల్లా తడిసి ఉంది పాపం, కూర్చోమన్నా కూర్చోలేదు. పేరడిగితే, పనిలో అందరూ నీళ్ళక్క అంటారు, అదే రాసుకోండి అంది."

రిజిస్టరు ఆయన వైపు తిప్పింది. ఆ ఒక్క పేజీ ఇంకా ఆరలేదు. ఆ ఆడమనిషి వేలిముద్ర కింద, ఇన్‌స్పెక్టరమ్మ సొంత దస్తూరీలో, ఫిర్యాదు ఇచ్చిన తేదీ: జూలై రెండు.