ఆకుపచ్చ వలయం

2086 నాటికి తెలుగువారి ఇళ్లలో చేతులు కడుక్కునే చోట మామూలు అద్దం పోయి రేఖద్దం వచ్చింది. కాగితాల మీద దాని పేరు రక్తరేఖాదర్పణం. అంత పేరుకు నోరు తిరగక జనమే దాన్ని కుదించుకున్నారు. దాని ముందు రెండు సెకన్లు కళ్లు తెరిచి నిలబడితే చాలు, కంటి లోపలి తెర మీద, అంటే రెటీనా మీద అల్లుకున్న రక్తనాళాలను అది చదివేసేది. కోయకుండా, గుచ్చకుండా మనిషి రక్తనాళాలను నేరుగా చూడగలిగే చోటు ఒంట్లో అదొక్కటే. రక్తపోటు, మధుమేహం, గుండెజబ్బు, మూత్రపిండాల జబ్బు, ఏది రాబోతున్నా ఆ సన్నని నాళాల్లో ముందే జాడ కనిపిస్తుంది. ఒకటి సన్నబడుతుంది, ఒకటి ఉబ్బుతుంది, ఒకటి మెలి తిరుగుతుంది. అద్దం ఆ తీరును అదే వయసు ఆడవాళ్ల లేదా మగవాళ్ల సాధారణ పటంతో పోల్చేది. సరిపోతే అంచు చుట్టూ ఆకుపచ్చ వలయం వెలిగేది. లేకపోతే ఎర్రది. అరవై దాటినవాళ్లు రోజుకొకసారి దాని ముందు నిలబడి తీరాలి.

దాన్ని తయారుచేసిన డాక్టర్ హాసినికి అరవై నాలుగేళ్లు. విశాఖపట్నంలో ఇంట్లోనే ఒక గదిని పరిశోధనశాలగా మార్చుకుని పనిచేసేది. ముప్పై ఏళ్లలో ఎన్ని లక్షల కళ్లు చూసినా ఆమె ఆశ్చర్యం తగ్గలేదు. ఒక్కో కంటిలో ఒక్కో నది. ఆకాశం నుంచి చూసిన గోదావరి పాయల్లా ఒక చోట పుట్టి, చీలి, మళ్లీ చీలి, ఇక కనబడనంత సన్నమైపోయే ఎర్రని దారులు. మనిషి బతికిన బతుకంతా గోరంత చోట గీసి ఉందనిపించి, ఒక్కోసారి తెర ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చునేది.

ఒక మంగళవారం ఉదయం ఆమెకు చంద్రుడి మీద ఉన్న సోమవాడ నుంచి కబురు వచ్చింది. అక్కడి వైద్యుడు భీమేశ్ పంపాడు. సోమవాడలో కూరగాయల పందిరి చూసే లిఖిత అనే అరవై ఏడేళ్ల ఆవిడకు నాలుగు నెలలుగా ఎర్ర వలయం వస్తోంది. బొబ్బిలి దగ్గరి మనిషి, అక్కడికి వెళ్లి పదహారు నెలలైంది. నియమం ప్రకారం ఆమెను ఐదు రోజుల్లో బయలుదేరే నౌకలో వెనక్కి పంపాలి. ఎర్ర వలయంతో దిగినవాళ్లకు మళ్లీ చంద్రుడి మీదికి అనుమతి లేదు. చిక్కేమిటంటే, చంద్రుడి మీద మొదటి వరిమడి ఆమె చేతిలో ఉంది. చేను పొట్ట మీద ఉంది. మరో వారంలో వెన్ను తీసి ఈనుతుంది.

బరువు తక్కువ చోట రక్తం తలకెక్కి కంటి నాళాలు ఉబ్బుతాయని అందరికీ తెలిసిందే. హాసిని మొదట అదే అనుకుంది. కానీ సోమవాడలో అరవై దాటినవాళ్లు పద్నాలుగు మంది. తొమ్మిదిమంది మగవాళ్ల నాళాల్లో పెద్ద మార్పేమీ లేదు. మిగిలిన ఐదుగురు ఆడవాళ్ల నాళాలు మాత్రం నెలనెలా వెడల్పవుతూ ఎర్ర వలయం వైపే నడుస్తున్నాయి. అందరికంటే ముందు వెళ్లింది లిఖిత కాబట్టి ఆమె ముందు చేరింది. చంద్రుడి ఆకర్షణ ఆడా మగా తేడా చూడదు కదా.

హాసిని లిఖితతో నేరుగా మాట్లాడింది. మాట అక్కడికి వెళ్లి జవాబు రావడానికి మూడు సెకన్లు పట్టేది. ఆ మూడు సెకన్లూ లిఖిత ముఖం తెర మీద కదలకుండా నవ్వుతూ ఉండేది. తలనొప్పి లేదంది, ఆయాసం లేదంది, నిద్ర బాగా పడుతోందంది. మందులేమైనా మార్చారా అని హాసిని తరిచి తరిచి అడిగేసరికి ఆవిడకు విసుగొచ్చింది.

"నాకేటీ అవలేదు డాక్టరమ్మా. మీ అద్దానికే ఏదో అయినట్టుంది. దాన్ని దింపుకోండి, నన్నొదిలేయండి."

పోనీ రోజంతా ఏం చేస్తారో పొద్దుట నుంచీ చెప్పమంది హాసిని. లిఖిత మడికి నీళ్లు పెట్టడం దగ్గర మొదలుపెట్టి మధ్యాహ్నానికి వచ్చింది.

"పన్నెండింటికి గంట కొడతారు. అందరి అన్నం పొట్లాలూ ఒక్కసారే వేడెక్కుతాయి. చల్లారిపోతే మళ్లీ వేడి చెయ్యకూడదు, కరెంటు దండగంట. మొదట్లో నా పొట్లం పక్కనెట్టేసి, అందరూ తిన్నారా లేదా అని తిరిగేదాన్ని. భీమేశు బాబు ఒకటే కేకలు. ఇప్పుడు గంట కొట్టగానే కూకుని తినేస్తన్నాను." మళ్లీ తనే అంది. "పెళ్లయ్యాక పొగలొచ్చే అన్నం రోజూ తిన్నది ఇక్కడేనమ్మా. దానికి సెంద్రుడి మీదికి రావలసొచ్చింది."

ఆవిడ నవ్వింది. హాసిని కూడా నవ్వబోయి ఆగిపోయింది.

ఆమె లేచి తలుపు వేసుకుని, అద్దాలన్నిటినీ నడిపే మేధాయంత్రాన్ని పిలిచింది. దాని పేరు రేఖ. సాధారణ పటం తయారుచేయడానికి వాడిన రెండు కోట్ల ఇళ్ల డేటాలో ఎవరు ఏ వేళకు అద్దం ముందు నిలబడ్డారో అడిగింది. మగవాళ్లు సగటున ఉదయం ఏడున్నరకు, ఫలహారం తిని చేతులు కడుక్కునేటప్పుడు. ఆడవాళ్లు మధ్యాహ్నం రెండు గంటల నలభై నిమిషాలకు. అప్పటికి ఇంట్లో అందరూ తిని లేచారు. ఆ ఇంటి ఇల్లాలు గిన్నెలు సర్ది చేతులు కడుక్కుంటోంది. ఆమె ఇంకా తినలేదు.

వంట యంత్రాలు వచ్చి ముప్పై ఏళ్లయింది. ఉప్పు కూడా అవే చూసుకుంటాయి. అయినా ఆఖర్న కూర్చునే మనిషి మారలేదు.

ఈ తేడా హాసినికి కొత్త కాదు. పాతికేళ్ల కింద తనే చూసింది. చూసి, తన చేత్తోనే ఒక వాక్యం రాసిపెట్టింది: పరీక్ష వేళలో తేడా ఇంటి అలవాటు, పట్టించుకోనక్కరలేదు. అంటే ఆకలి, తెగిన నిద్ర, నీళ్లు కూడా తాగకుండా గడిచిన ఉదయాలు, వీటన్నిటితో ఏళ్ల తరబడి కుంచించుకుపోయిన నాళాలే స్త్రీల సాధారణ పటమయ్యాయి. లిఖిత కంటిలో కనిపించింది జబ్బు కాదు. ఎండాకాలపు పాయలోకి మళ్లీ నీరు వచ్చింది.

"భూమి మీద ఇప్పటిదాకా ఇలాంటి కళ్లు ఎన్ని కనిపించాయి?" అని అడిగింది.

"పదకొండు లక్షలు," అంది రేఖ. "దాదాపు అందరూ అప్పట్లో ఒంటరిగా ఉన్న స్త్రీలు."

ఒంటరిగా ఉండే ముసలి ఆడవాళ్లకు ఎర్ర వలయం వస్తుందని లోకానికి చెప్పింది హాసినే. ఒంటరితనం నాళాలను చెడగొడుతుందని రాసిన ఆ వ్యాసానికి పురస్కారాలు వచ్చాయి. డాక్టర్లు ఆ ఆడవాళ్లను నచ్చజెప్పి కుటుంబాల్లోకి పంపారు. పంపిన ఏడాదికల్లా వలయం ఆకుపచ్చగా మారేది. వైద్యం ఫలించిందనుకున్నారు. హాసిని తన సొంత అక్క తన్విని కూడా కాకినాడలోని ఫ్లాటు ఖాళీ చేయించి కొడుకింటికి చేర్చింది. ఆకుపచ్చ వలయం వచ్చిన రోజున ఆ ఇంట్లో పాయసం చేశారు. అక్క అందరికీ వడ్డించింది.

"వెళ్లమంటే వెళ్లనివాళ్లు?"

"లక్షా నలభై వేలమంది. వెళ్లినవారికంటే సగటున ఆరేళ్లు ఎక్కువ బతికారు."

"ఇంత తేడా ఉంటే జబ్బు ఎటువైపుందో నీకు తెలియలేదా?"

"ఎక్కువమందిలో కనిపించేదే సాధారణమని మీరు నిర్వచించారు. ఎక్కువమందిలో అదే కనిపించింది."

హాసిని ఆ పదకొండు లక్షల కళ్లను ఒకదాని వెనుక ఒకటిగా చూపించమంది. తెర మీద నదులు కదిలాయి. నిండుగా, తొణకకుండా పారే నదులు. జీవితమంతా వెతికినది దొరికినట్టు ఆమె వాటిని చూసింది. తర్వాత సోమవాడకు ఉత్తర్వు రాసింది. లిఖిత ఆరోగ్యవంతురాలు, ఎర్ర వలయం అద్దం తప్పు, ఆ తప్పు నాది అని కింద సంతకం పెట్టింది. అక్కకు కూడా ఫోను చేసింది. తన్వి మాట్లాడలేకపోయింది. చేతిలో పని ఉందట, అందరి భోజనాలూ అయ్యాక చేస్తానంది.

లిఖిత దగ్గర నుంచి జవాబు వెంటనే వచ్చింది. కృతజ్ఞతలేమీ లేవు. వరిమడి బొమ్మ ఒకటి, కింద ఒక్క ముక్క: ఒక వెన్ను అప్పుడే తొంగి చూస్తోంది, రేపు మీరూ చూడండి.

అప్పటికి రెండు దాటింది. హాసిని గదిలోంచి వచ్చి భర్త అద్వైత్‌కు వడ్డించింది. అతను తిని లేచాక గిన్నెల మీద మూతలు పెట్టి, అలవాటుగా చేతులు కడుక్కోవడానికి వెళ్లింది. రేఖద్దం ఆమె కళ్లను చదివింది. ఆకుపచ్చ వలయం వెలిగింది. ఇరవై ఏళ్లుగా ఒక్కరోజు కూడా తప్పకుండా వెలిగిన వలయం.

"రేఖా, సాధారణ పటం తీసెయ్. లిఖిత గారి కంటిని కొలతగా పెట్టుకుని నన్ను చూడు," అంది.

వలయం ఆరిపోయింది. కాసేపు అద్దంలో ఆమె ముఖం ఒక్కటే ఉంది. తర్వాత అంచు పొడుగునా ఎరుపు పాకింది.

అవతల పేపరు చదువుకుంటున్న అద్వైత్ ఆ వెలుగు గోడ మీద పడడం చూసి కంగారుగా లేచి వచ్చాడు. ఇంట్లో ఎర్ర వలయం అతను ఎన్నడూ చూడలేదు. ఆసుపత్రికి వెళదామన్నాడు. కనీసం ఏదో ఒక మందైనా తెస్తానని చెప్పుల కోసం వెతికాడు. హాసిని అతన్ని ఆపి, భోజనాల బల్ల దగ్గరికి నడిచి, అతను లేచి వెళ్లిన కుర్చీలో కూర్చుంది.

"మందు వద్దు. అన్నం వడ్డించండి."

అద్వైత్ వంటింట్లోకి వెళ్లాడు. ఒక్కొక్క గిన్నె మూత తీసిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత గరిటె ఖాళీ గిన్నెల అడుగులు గీకుతున్న చప్పుడు వచ్చింది.